ఇంగ్లీషు రాని వీరేందరన్న

మనీష నోట్లో నాలుక ఉందన్న సంగతి శంషాబాద్ మొత్తంలో పళ్ల డాక్టరుకు తప్ప ఇంకెవరికీ రూఢిగా తెలియదు. పదకొండేళ్ల పిల్ల. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటుకు చేరుతుంది. "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని ఎవరన్నా అడిగితే కాలి బొటనవేలితో గచ్చు మీద జవాబు రాస్తుంది. బడిలో టీచర్లు "క్వయట్ చైల్డ్" అంటే, తండ్రి రాఘవేందర్ అది మెచ్చుకోలనుకుని రెండేళ్లు మురిసిపోయాడు.

తల్లి సునీత మురవలేదు. డిగ్రీ చదివిన మనిషి కాబట్టి మెచ్చుకోలుకూ మొట్టికాయకూ తేడా తెలుసు. తెలియకపోయినా, తెలియజెప్పడానికి తోటికోడలు అరుణ రాజేంద్రనగర్‌లో కాపురముంది. అరుణ కొడుకు ఎయిర్‌పోర్టు అవతల వచ్చిన అంతర్జాతీయ బడిలో చదువుతాడు. "కెన్ ఐ హావ్ సమ్ మోర్ దాల్ ప్లీజ్" అని అడిగి మరీ పప్పు వేయించుకుంటాడు. వాడలా పప్పు అడిగిన ప్రతిసారీ అరుణ మనీష వైపు చూసి, "సునీతా, నీ బిడ్డను జర దవాఖానల చూపియ్యరాదు?" అని ఎంతో ప్రేమగా అనేది. ఆ ప్రేమ సునీతకు గొంతులో చేపముల్లయి కూర్చుంది.

వచ్చే జూన్‌కు మనీషను ఆ బడిలోనే చేర్చాలి. ఇంటర్వ్యూలో పిల్ల నోరు తెరవాలి. అంతే. సునీత పెద్దగుట్ట దేవుడికి మొక్కుకున్నది కూడా ఆ ఒక్కటే. నోరు తెరిచి ఏం మాట్లాడాలో మొక్కులో చెప్పకపోవడం ఆమె చేసిన పొరపాటు.

2012 ఎండాకాలం, పేపరు మధ్యలోంచి ఓ రంగు కాగితం జారిపడింది. "పది రోజుల్లో మీ పిల్లల నోట ఇంగ్లీషు జలపాతం!" శ్రీశైలం రోడ్డు మీద, మంఖాల్ దగ్గర, ప్రకృతి ఒడిలో, అంతర్జాతీయ ప్రమాణాలతో క్యాంపు. డైరెక్టరు అనంత్ సార్. ఈ సారు మూడేళ్ల కింద అనంతయ్య. కోళ్ల ఫారం నడిపేవాడు. కోళ్లకు రోగమొచ్చి షెడ్లు ఖాళీ అయ్యాక, సున్నం కొట్టించి, గోడల మీద నవ్వే ఏనుగుల బొమ్మలు వేయించి, కోళ్లున్న చోట పిల్లల్ని దించాడు. ఫ్యాన్లు అవే. వేళకు మేత, వేళకు లైటు. అనుభవం ఎక్కడికి పోతుంది?

క్యాంపులో రూలు ఒకటే: తెలుగు వినబడకూడదు. పిల్లలు తెలుగులో మాట్లాడితే సాయంత్రం ఐస్‌క్రీమ్ ఉండదు. పిల్లల్ని కాసే కౌన్సెలర్లు మాట్లాడితే ఆ రోజు పగారు చేతికి రాదు. ఇంగ్లీషు దండిగా వచ్చిన ఇద్దరు కౌన్సెలర్లు మొదటి రోజే షెడ్డు వాసన చూసి, ఇంగ్లీషులోనే తిట్టి వెళ్లిపోయారు. అప్పటికప్పుడు అనంత్ సార్‌కు దొరికినవాడు వీరేందర్.

వీరేందర్ మంఖాల్ పిలగాడు. మొన్నటిదాకా ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు మీద సామాన్లు ఎత్తేవాడు. అతని ఇంగ్లీషు మూడు ముక్కలు: "నో రన్నింగ్. లైన్ ప్లీజ్. వన్ బై వన్." ఆ మూడూ మొదటి రోజు పొద్దున్నే ఖర్చయిపోయాయి. తెలుగు మాట్లాడితే పగారు పాయె. ఇక మిగిలింది సైగలు. విమానం వచ్చి నిలబడేటప్పుడు కింద ఒకతను రెండు చేతుల్లో రంగు కర్రలు పట్టుకుని దారి చూపిస్తాడే, ఆ విద్య వీరేందర్ సామాన్లెత్తుతూ రోజూ చూసి పట్టేశాడు. షెడ్డులో రెండు పింగ్‌పాంగ్ బ్యాట్లు దొరికాయి. రెండు చేతులూ తలమీద అడ్డంగా పెడితే ఆగు. అరచేతులు కిందికి ఊపితే మెల్లగా. గొంతు మీద చేత్తో గీస్తే ఇంజను బంద్, అంటే నోరు మూయి. నలభై మంది పిల్లలు నలభై విమానాలై పది రోజులు ఎగిరారు, దిగారు, అన్నానికి వరసగా వచ్చి ఆగారు.

ఇవన్నీ సునీతకు తర్వాత తెలిసిన సంగతులు. పిల్లను తీసుకురావడానికి వెళ్లిన రోజు ఆమెకు కనబడింది ఒక్కటే: నలభై మంది పిల్లలు కిక్కురుమనకుండా వరసలో నిలబడి ఉండటం. తల్లిదండ్రులు నోళ్లు తెరిచారు. రాఘవేందర్ కొత్త కారును వీరేందర్ బ్యాట్లతో పిలిచి, తిప్పి, రెండు జీపుల నడుమ గీత పడకుండా నిలబెట్టించాడు.

"అబ్బ, ఏం డిసిప్లిన్ సునీతా!" అన్నాడు రాఘవేందర్. అతను ఆ కారును గీత పడకుండా నిలబెట్టడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక సునీత పిల్లను సోఫాలో కూర్చోబెట్టింది. "ఇగ మాట్లాడు. ఇంగ్లీషుల."

మనీష ఆలోచించింది. "నో రన్నింగ్."

"శెబాష్! ఇంకా?"

"లైన్ ప్లీజ్."

"ఇంకా, ఇంకా?"

"వన్ బై వన్," అంది మనీష. జలపాతం అక్కడితో ఎండిపోయింది.

మర్నాడు పొద్దున వంటింట్లో రెండు అట్లకాడలు కనిపించలేదు. అవి మనీష చేతుల్లో ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో మంచం దిగడానికి రోజూ అరగంట తీసుకునే నానమ్మ అమృతమ్మను ఆ అట్లకాడలతో రా, రా, ఎడమకు, మెల్లగా, ఆగు అంటూ వరండా కుర్చీలోకి దింపింది. అమృతమ్మ కొంగు సర్దుకుని, "నా మన్మరాలు నన్ను విమానం లెక్క దింపింది!" అని వాకిట్లోంచి పోయేవాళ్లందరికీ చెప్పింది. ఆ అలవాటు రెండేళ్లయినా ఇద్దరినీ వదల్లేదు. నొప్పులు అలాగే ఉన్నాయి గానీ, ముసలమ్మకు దిగడం మీద మోజు పుట్టింది.

సునీత ఒళ్లు మండింది మాత్రం ఇంకోదానికి. పిల్లను తిట్టబోతే ఇదివరకు తల దించుకునేది. ఇప్పుడలా కాదు. బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చుని, తల్లి ముఖంలోకి కన్నార్పకుండా చూస్తూ, మధ్యమధ్య తలూపుతూ చివరిదాకా వింటుంది. తిట్లు తినేవాళ్లకు ఓ పద్ధతుంటుంది. ఇంత శ్రద్ధగా వింటే తిట్టేవాళ్లకే సిగ్గేస్తుంది. రెండో తిట్టుకే సునీతకు మాటలు అయిపోయేవి.

"ఇట్ల గుడ్లప్పగించి సూసుడు ఎవరు నేర్పిండ్రే నీకు?"

"వీరేందరన్న," అంది పిల్ల.

పదకొండేళ్లు అన్నం కలిపి పెట్టిన తల్లి నేర్పింది ఒక్కటీ అంటలేదు. పది రోజులు కోళ్ల షెడ్డులో కాపలా కాసినవాడిది మాత్రం పచ్చబొట్టులా అంటుకుంది. ఆ వీరేందరన్న ఎవరో పిల్లను గుచ్చి గుచ్చి అడిగి, సునీత ఫోన్ అందుకుంది.

"అనంత్ సార్, మీ కౌన్సెలర్‌కు ఇంగ్లీషు రాదండీ!" బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆమె భాష ఇస్త్రీ చేసినట్టుంటుంది.

"మేడం, ఆ పిలగాడు పది దినాలల్ల ఒక్క తెలుగు ముక్క మాట్లాడలె. రూలు తప్పలె."

"ఇంగ్లీషు కూడా మాట్లాడలేదు కదండీ!"

అవతల అనంత్ సార్ కాసేపు ఈ కొత్త కోణాన్ని ఆలోచించాడు. "అది గూడ నిజమే. వచ్చే బ్యాచ్‌కు ఉంచ, ఇగ తీసేస్త మేడం. మీరు పరేషాన్ గాకుండ్రి."

సాయంత్రానికి వీరేందర్ నౌకరి పోయింది. సునీత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు మనీష పక్క గదిలోనే ఉంది. ఏమీ అనలేదు. ఆ పిల్ల ఎప్పుడూ ఏమీ అనదు గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటర్వ్యూ పిల్లకే కాదు, తల్లిదండ్రులకు కూడా అని తెలిశాక సునీత ఇంట్లో రెండో క్యాంపు మొదలైంది. ప్రిన్సిపాల్ మేడం ఊటీ వైపు నుంచి వచ్చినావిడ. తెలుగు రాదు. ఉర్దూ, హిందీ కలిపి కొడితే ముఖం చిట్లిస్తుందని అరుణే చెప్పింది. ప్లాట్ల బేరాలన్నీ ఉర్దూలో నెట్టుకొచ్చే రాఘవేందర్‌కు చెమటలు పట్టాయి.

"మాటకు ముందు యాక్చువల్లీ అను. తర్వాత బేసికల్లీ అను," అని నేర్పింది సునీత.

"నడుమల ఏమనాలె?"

"నడుమల ఏమనకు."

ఆ రోజు రానే వచ్చింది. మేడం గది చల్లగా ఉంది. గోడ వార చేపల తొట్టి. తొట్టి పక్కన చిన్న కుర్చీలో, మేడం వీపు వెనక, మనీషను కూర్చోబెట్టి బొమ్మలకు రంగులేయమన్నారు. మేడం ముందు తండ్రి వైపు తిరిగింది. మీ గురించి చెప్పండి అంది.

"యాక్చువల్లీ మేడం, ఐ హావ్ వెంచర్. ఫార్టీ ఫీట్ రోడ్. ఈస్ట్ ఫేసింగ్..." అంటూ రాఘవేందర్ అలవాటు కొద్దీ ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మేడం కనుబొమ్మలు లేచాయి. వెనకనుంచి మనీష రెండు రంగు పెన్సిళ్లు తల మీద అడ్డంగా పెట్టింది. నెల రోజులుగా ఇంటి గేట్లో కూతురు చేసే ఆ సైగతోనే కారు నిలుపుతున్నవాడు కాబట్టి, రాఘవేందర్ కాలు బ్రేకు తొక్కినట్టు టక్కున ఆగిపోయాడు. "బేసికల్లీ," అన్నాడు, అంతే.

"హౌ మాడెస్ట్," అంది మేడం మెచ్చుకోలుగా.

సునీత వంతు వచ్చింది. బట్టీ పట్టిందంతా మరిచిపోకముందే అప్పజెప్పేయాలన్న ఆత్రంతో బస్సు వెంట పరిగెత్తినట్టు మాట్లాడింది. పెన్సిళ్లు మెల్లగా కిందికి ఊగాయి. సునీత కూడా మెల్లబడింది. అంతదాకా తన కూతురి సైగలు చూసి పళ్లు నూరిన మనిషి ఆ రోజు వాటిని పట్టుకునే ఒడ్డున పడింది. మేడం తల ఊపుతోంది. అరుణ ముఖం ఎలా మాడుతుందో సునీత కళ్ల ముందు కనబడింది కూడా.

అప్పుడు మేడం కుర్చీ తిప్పి, ఎంతో ముద్దుగా మనీషను అడిగింది: నీకు ఆదర్శం ఎవరు?

దీనికి జవాబు నూరిపోసి ఉంది. ఒక శాస్త్రవేత్త పేరు, దాని తర్వాత "అండ్ మై మదర్". మనీష లేచి నిలబడింది. నోరు తెరిచింది. తెలుగులో.

"మా వీరేందరన్న. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు గూడ రాదు. మా అమ్మకు గూడ శాన రాదు."

మేడం సునీత వైపు చూసింది. ఏమంటోంది?

"షి ఈజ్ సేయింగ్," అంది సునీత, నవ్వు చెదరకుండా, "హర్ కౌన్సెలర్ ఈజ్ టీచింగ్ వెరీ గుడ్ ఇంగ్లీష్."

పెన్సిళ్లు అడ్డంగా లేచాయి. ఈసారి మేడం చూసింది. ఏమిటది అని అడిగింది. సునీత ఏదో అల్లబోతుండగా రాఘవేందర్ నిజాయతీపరుడైపోయాడు. "స్టాప్ మేడం. మై వైఫ్, స్టాప్."

"అమ్మా," అంది మనీష, తల్లికి తోవ చూపిస్తున్నట్టు. "వన్ బై వన్."

పిల్ల ఒక్కో మాట చెప్పింది. తల్లి ఒక్కో మాట మోసింది.

"రోజు మాపటికి నేను ఆయనకు ముచ్చట్లు చెప్పేది. తెలుగుల, మెల్లగ. ఆయన ఏమనకపోయేది."

"డైలీ ఈవినింగ్, షి ఈజ్ టాకింగ్. హి ఈజ్ నాట్ టాకింగ్."

"మా ఇంట్ల అందరు మాట్లాడు, మాట్లాడు అంటరు. నేను నోరు తెరిస్తె మల్ల వాళ్లే మాట్లాడుతరు."

సునీత చెవులు వేడెక్కాయి. "ఎట్ హోమ్ వి ఆర్ సేయింగ్, టాక్, టాక్. షి ఈజ్ ఓపెనింగ్ మౌత్. దెన్ వి ఆర్ టాకింగ్."

"మా అమ్మ ఫోన్ జేసి వీరేందరన్న నౌకరి తీపిచ్చింది."

రాఘవేందర్ భార్య వైపు తిరిగాడు. అతనికి ఆ సంగతి తెలియదు. మేడంకు తెలుగు తెలియదు. ఈ గదిలో సునీత ఏమన్నా చెల్లుతుంది. పిల్లకు కోపం ఉంటే తిట్టి సర్దుకునేది, ఏడుపుంటే కళ్లు తుడిచి తప్పించుకునేది. రెండూ లేవు. ఇంట్లో తిట్లు విన్నట్టే, కన్నార్పకుండా, శ్రద్ధగా చూస్తోంది. తొట్టిలో చేప ఒకటి నోరు తెరిచింది, మూసింది.

"ఐ కంప్లెయిన్డ్," అంది సునీత. "హి లాస్ట్ హిజ్ జాబ్."

ఆ రోజంతటిలో ఆమె తడుముకోకుండా మాట్లాడిన ఇంగ్లీషు అదొక్కటే.

సీటు పోయిందనుకుంది. వారం తిరక్కుండా వచ్చిందని ఫోన్ చేశారు. పిల్ల భావవ్యక్తీకరణ అద్భుతమట, తల్లిదండ్రులు చాలా ఓపెన్ అట. "మన వెంచర్ల ఓపెన్ ప్లాట్ల సంగతి గిట్ల అడిగిండ్రా?" అన్నాడు రాఘవేందర్ ఆశగా. అరుణ మాత్రం ఫోన్‌లో, "గేటు కాడ వాచ్‌మన్ మీ కొత్త కారు చూసిన నాడే సీటిచ్చిండ్రు, పిల్ల మాటలతోటి వాళ్లకేం పని?" అని తేల్చేసింది. అదీ నిజమే కావచ్చు.

సీటు వచ్చిందని మనీష ఎగరలేదు. పొద్దున ఉప్మా పళ్లెం ముందు కూర్చుని, "వీరేందరన్న నౌకరి?" అని ఒక్క మాట అడిగింది. మర్నాడు దోసె ముందు కూర్చుని మళ్లీ అదే అడిగింది. నోరు తెరవాలని మొక్కుకున్న తల్లి, అది ఎట్లా మూతపడుతుందో తెలియక, అనంత్ సార్‌కే మళ్లీ ఫోన్ చేసింది. గగన్‌పహాడ్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో వీరేందర్ పెళ్లి బండ్లు పార్కింగ్ చేయిస్తున్నాడని తెలిసింది.

క్షమాపణ చెప్పడం సునీతకు అలవాటు లేదు. ఆటోలో దారి పొడుగునా మనసులో కూడబలుక్కుంది. "బాబూ, ఆ రోజు ఫోన్ చేసింది నేనే" అని మొదలుపెట్టాలి. తర్వాత సంగతి తర్వాత.

హాలు ముందు ఎండలో వీరేందర్ టోపీ పెట్టుకుని, రెండు ఎర్ర కర్రలు ఊపుతూ ఓ పొడుగాటి కారును సందులోకి దింపుతున్నాడు. మనీషను చూడగానే కర్రలు చంకలో పెట్టాడు. మౌనముని నోరు తెరిచాడు.

"అరె మన్నూ! మంచిగున్నవా బిడ్డా? నమస్తే అక్కా! ఇంత ఎండల వచ్చిన్రు? మొన్న గాలిదుమారానికి ఈ షామియానా మొత్తం లేసిపోయింది, ఆ మేనేజర్‌గాడు నా మీద పడ్డడు, నేనన్న గాలి నా మేనబావనా అని..."

"బాబూ, ఆ రోజు ఫోన్..."

"ఫోన్ అంటె యాదికొచ్చింది అక్కా, కొత్తది కొన్న. కెమెరా జబర్దస్త్ ఉన్నది. ఇగో సూడుండ్రి, మా అమ్మ కండ్ల ఆపరేషన్ ఫోటో. డాక్టర్ ఏమన్నడంటె..."

డాక్టరు ఏమన్నాడో, కాంపౌండరు ఏమన్నాడో, పిల్లను చూడ్డానికి పోతే మామ కాబోయేవాడు ఏమన్నాడో, ఇక్కడ బిర్యానీలో ముక్కలు ఎట్లా తక్కువేస్తారో, అన్నీ వచ్చాయి. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. సునీత క్షమాపణ మూడుసార్లు బయల్దేరి మూడుసార్లు వెనక్కి తిరిగింది. చివరికి క్యాంపు మాట వచ్చింది.

"అమ్మో, ఆ పది దినాలు నరకం అక్కా! నోరు మూసుకోని మూసుకోని దవడలు గుంజినయ్. ఈ పిల్ల పాపం మాపటికి పక్కకొచ్చి కూసోని ఏందో చెప్తుండె. నేను తల ఊపుకుంట, ఇయ్యాల కూర ఏం చేసిండ్రో అని యోచన జేస్తుంటి. ఆ నౌకరి పోయిందే మంచిగైంది!"

సునీత చప్పున కూతురి వైపు చూసింది. మనీష ఎండలో నిలబడి, వీరేందర్ ముఖంలోకి చూస్తూ, తలూపుతూ, చివరిదాకా విన్నది. పెళ్లివారి బస్సు వచ్చి అతన్ని లాక్కుపోయేదాకా కదల్లేదు.

తిరుగు ఆటోలో సునీతకు జాలి పొంగింది. లోపల్లోపల కొంచెం సంతోషం కూడా పొంగింది, దాన్ని జాలి కిందికి నెట్టింది. "చూడు బిడ్డా, మనుషులు మనం అనుకున్నట్టు..."

"నాకు ఎరికే అమ్మా. రెండో దినమే ఎరికైంది. ఆయన కండ్లు వంట షెడ్డు దిక్కే ఉంటుండె."

"మరి ఎందుకు చెప్పినవే అన్ని ముచ్చట్లు?"

"నడుమల ఆపకపోతుండె."

దీనికి ఇవ్వదగిన జవాబులు సునీత నాలుక మీదికి నాలుగు వచ్చాయి. నాలుగింటినీ మింగింది. మింగడం ఆమెకు కొత్త. దవడలు నిజంగానే గుంజాయి.

తల్లి నోరు ఖాళీ అయిందని చూసి మనీష మొదలుపెట్టింది. షెడ్డులో గోడ మీది ఏనుగుకు ఐదు కాళ్లు ఎందుకున్నాయో, పాత బడిలో లెక్కల టీచరు ఎవరి మీద చాక్‌పీసు విసిరిందో, అరుణ పెద్దమ్మ కొడుకు ఎవరూ లేనప్పుడు పప్పు ఏ భాషలో అడుగుతాడో. లారీలు పోతున్నాయి, పైన విమానాలు దిగుతున్నాయి, పిల్ల చెబుతూనే ఉంది. సునీత పిల్ల ముఖంలోకి చూస్తూ తలూపింది. శంషాబాద్ ఇంకా రాలేదు. ఇంట్లో బెండకాయలు ఉన్నట్టే గుర్తు. కానీ నిన్ననే ముదిరినట్టు కనిపించాయి. పులుసుకైతే పనికొస్తాయేమో.

మనీష తల్లి కళ్లలోకి ఒకసారి తేరిపార చూసింది. చూసి, ముచ్చట ఆపకుండా ముందుకు పోనిచ్చింది.